నందిగామ గోల కచేరీ

మా మనవరాలు సంజన చదివే విజయవాడ స్కూలు వాళ్లు ఈమధ్య ఒక ఆహ్వానం పంపారు. మామూలు కార్డు కాదు. పెళ్లి శుభలేఖ కన్నా మందంగా, బంగారు అంచుతో, విప్పితే సెంటు వాసన కొట్టేలా ఉంది. పేద పిల్లల సహాయార్థం కార్యక్రమమట. ఆ కార్డు దర్జా చూస్తే పేద పిల్లలే ఎవరికో సహాయం చేస్తున్నారేమో అని అనుమానం వచ్చింది. అందులో పెద్దక్షరాలతో 'గాలా ఈవెనింగ్' అని రాసి ఉంది. "గాలా అంటే ఏంటో తెలుసా అమ్మా?" అని మా అమ్మాయి ఎంతో దయగా అడిగింది, చూపు ఆనని ముసలమ్మకి దారి చూపిస్తున్నట్టు. తెలియకేం? ఈ విజయవాడకి ఆ మాట తెలియకముందే నేను నందిగామ గాలాలో పాడినదాన్ని. పాడినదాన్ని అంటే, అదో కథ, చెబుతాను. ఒకటే తేడా. మా గాలాని అచ్చులో గోల అని వేశారు.

అప్పట్లో నేను జగ్గయ్యపేటలో మిషను వాళ్ల ఆడపిల్లల హాస్టల్లో ఉండి చదువుకునేదాన్ని. మా ఊరు చిల్లకల్లు, పక్కనే. అమ్మా నాయనా ఇద్దరూ కూలికి వెళ్లేవాళ్లు. హాస్టలు అనగానే ఇప్పటి పిల్లలు మంచాలూ ఫ్యాన్లూ ఊహించుకుంటారేమో, మాది మట్టిగోడల మీద తాటాకు కప్పిన పొడవాటి సాల. తెల్లవారకముందే చెట్టుకి వేలాడదీసిన రైలుపట్టా ముక్కని మా వంటామె ఇనపకడ్డీతో వాయించేది, ఆ పట్టాతో తనకేదో పాతకక్ష ఉన్నట్టు. లేచి, బావి దగ్గర వరసలో నిలబడి మొహాలు కడుక్కుని, ఒకళ్ల తలకి ఒకళ్లం ఆముదం పెట్టి బిగించి జడలు వేసుకుని, చాపల మీద కూర్చుని ప్రార్థన చేసేవాళ్లం. ఇప్పటికీ ఎక్కడైనా ఆముదం వాసన తగిలితే నా చేతులు వాటంతటవే జోడించుకుంటాయి. పొద్దున జొన్నసంకటి, మధ్యాహ్నం జొన్నన్నం, సాయంత్రం మార్పు కోసమని మళ్లీ సంకటి. ఆదివారం ఒక్కపూట వరన్నం పెట్టేవాళ్లు, అందుకే మా అందరికీ ఆదివారంనాడు భక్తి కాస్త ఎక్కువగా ఉండేది. వాన పడితే సాలలో లోపలికీ బయటికీ తేడా తెలిసేది కాదు. పళ్లేలూ చెంబులూ కారే చోట్ల పెట్టి, ఆ టపటపల మధ్య ఎక్కాలు చదువుకునేవాళ్లం.

ఆ కప్పు తీసి రేకులు వేయించాలని మా దొరసానిగారికి ఒక ఎండాకాలం ముందు గట్టిగా అనిపించింది. దొరసాని అంటే హాస్టలు పెద్ద, సముద్రాలు దాటి వచ్చిన తెల్లావిడ. ఆమె తెలుగు బైబిలు చదివి తెలుగు నేర్చుకుంది. అందువల్ల వంటామెతోనైనా, కుక్కతోనైనా గ్రాంథికంలోనే మాట్లాడేది. "పిల్లలారా, మీరేల మెల్లగా నడుచుచున్నారు? వేగిరపడుడి!" అనేది. కుక్కని "పొమ్ము" అనేది. అది పోయేది కూడానూ, హాస్టల్లో ఇంకెవరి మాటా వినని కుక్క. ఒకరోజు ప్రార్థన అయ్యాక మా అందర్నీ కూర్చోబెట్టి, "మా దేశములో ధనవంతులు మంచి వస్త్రములు ధరించుకొని వచ్చి, పాటలు విని, బీదలకు సహాయము చేయుదురు. దీనికి గాలా అని పేరు. మనమును నందిగామలో గాలా చేయుదము" అంది. నందిగామే ఎందుకంటే అక్కడ ధనవంతులు ఉన్నారని ఎవరో చెప్పారు. జగ్గయ్యపేట ధనవంతుల్ని ఆమె అప్పటికే అడిగి చూసింది.

కరపత్రం రాసి ప్రెస్సుకి పంపారు. అక్కడ అక్షరాలు కూర్చే మనిషి బాధ్యత తెలిసినవాడు. 'మహా గాలా కచేరీ' అన్నచోట ఆగిపోయాడట. గాలి ఉంది, గాలం ఉంది, గాలా అనే మాట తెలుగులో లేదు కదా, పాపం తెల్లావిడ, గుణింతం తప్పిందనుకుని, ఆమె పరువు కాపాడదామని దిద్దాడు. 'పేద విద్యార్థుల సహాయార్థం జగ్గయ్యపేట బాలబాలికలచే మహా గోల కచేరీ' అని ఎర్రకాగితం మీద దిట్టంగా అచ్చయి వచ్చింది. జట్కాబండిలో మైకు పెట్టుకుని ఒకతను నందిగామ వీధి వీధికీ తిరుగుతూ ఆ కరపత్రాలు విసిరి, "గోల! మహా గోల! తప్పక విచ్చేయండి!" అని అరిచాడట. గోల అంటే అర్థమేమిటని దొరసాని మా పాటల మాస్టారిని అడిగింది. ఆయన ఒక్క క్షణం కళ్లు మూసుకుని, "ఉత్సాహధ్వని అండి" అన్నాడు. దొరసాని సంతోషించింది. అంతకన్నా మంచి అనువాదం నేను ఇంతవరకూ చూడలేదు.

ఆ పాటల మాస్టారి పేరు ఆనందం. పేరు ఎవరు పెట్టారో గానీ ఆ మనిషి మొహంలో దాని జాడ నేనెన్నడూ చూడలేదు. సన్నగా, పొడుగ్గా, చంకలో హార్మోనియం పెట్టెతో నడిచి వస్తుంటే ఎవరినో మోసుకొస్తున్నట్టుండేది. దొరసాని ఆయనకి అప్పగించిన పని నాలుగు గొంతుల పాట. అంటే ఒకే పాటని ఆడపిల్లలు రెండు జట్లుగా, మగపిల్లలు రెండు జట్లుగా, నాలుగు రకాలుగా ఒకేసారి పాడాలి. దొరల గుళ్లల్లో అలాగే పాడతారట. మగపిల్లల్ని అబ్బాయిల హాస్టలు నుంచి తెప్పించారు. మాకు 'యువజన గాయక బృందం' అని పేరు పెట్టి గుడ్డ మీద రాయించారు. ఎవరు పాడగలరో చూడకముందే దొరసాని మమ్మల్ని ఎత్తులవారీగా నిలబెట్టి, ఆడపిల్లలు ముందు, మగపిల్లలు వెనక, రెండు వరసలు తీసింది. ఫోటో బాగా రావాలి కదా, వాళ్ల దేశానికి పంపాలి. వయసుకి మించి పొడుగు పెరిగినందుకు నేను ముందు వరసకి సరిగ్గా చివర, వరస ముగిసిందని చెప్పడానికి పాతిన గుంజలాగా కుదిరాను. నాకు తెల్ల పరికిణీ, తెల్ల ఓణీ కుట్టించేశారు కూడా. ఆ తర్వాత మాస్టారు నా గొంతు విన్నాడు.

నా గొంతు గురించి కాస్త చెప్పాలి. హాస్టలుకి రాకముందు నేను జొన్నచేలల్లో మంచె ఎక్కి పిట్టల్ని తోలేదాన్ని. వడిసెల తిప్పడం నాకు అంతగా రాదు, రాయి వెనక్కి పోయేది. అందుకని అరుపు మీదే ఆధారపడ్డాను. నేను "హోయ్" అంటే మా చేలోవే కాదు, రెండు చేల అవతల ఉన్న చిలకలు కూడా లేచిపోయేవి. ఆ అవతలి చేల రైతు మా అమ్మతో, "సుందరమ్మా, నీ కూతురు అరిస్తే నా ఎద్దులు బెదురుతున్నాయే" అని మొరపెట్టుకున్నాడు కూడా. మా అమ్మ ఎక్కడో దూరంగా కలుపు తీస్తూ, ఆ అరుపు వినపడితే చాలు, పిల్ల మంచె మీద నిద్రపోలేదని నిశ్చింతగా ఉండేది. ఆ గొంతుని ఆనందం మాస్టారు ఒక్కసారి విన్నాడు. హార్మోనియం మూసేశాడు.

"రూతూ, నువ్వు నిలబడు. నోరు ఆడించు. గొంతు మాత్రం విప్పమాక."

"ఎప్పుడు విప్పమంటారండీ?"

"ప్రభువు రెండోసారి వచ్చినప్పుడు చూద్దాం."

అలా, రెక్కాడితే గాని డొక్కాడని ఇంట్లోంచి వచ్చిన నేను నోరాడించే విద్య నేర్చుకున్నాను. తేలిక అనుకోకండి. పాడేవాళ్లకి తప్పు పాడినా చెల్లిపోతుంది, పాడనివాళ్లకి తప్పు చెయ్యడానికి వీల్లేదు. 'ఆ'కి నోరెంత, 'ఓ'కి ఎంత, ఊపిరి ఎక్కడ తీసుకోవాలి, అన్నీ మాస్టారు నాకు ప్రత్యేకంగా చెప్పేవాడు. ఒక్కోసారి మిగతావాళ్లనందర్నీ పక్కన కూర్చోబెట్టి, "ఏదీ, నువ్వొక్కదానివీ ఒకసారి పాడకుండా పాడు" అనేవాడు. నేను పాట మొదట్నుంచి చివరిదాకా నిశ్శబ్దంగా పాడేదాన్ని. అది మిరప కోతల కాలం. మా హాస్టలు వెనక ఖాళీ స్థలమంతా రైతులు కాయలు ఆరబోసేవాళ్లు. గాలి ఇటు తిరిగితే నాలుగు గొంతులూ నాలుగు రకాలుగా దగ్గేవి. ఆ దగ్గులో మాత్రం నన్నూ కలుపుకున్నారు.

ఇదంతా నవ్వుకునే సంగతిగానే ఉండేది, మా అమ్మ వచ్చి వెళ్లకపోతే. ఆమె సంతరోజు జగ్గయ్యపేట వచ్చినప్పుడల్లా కొంగున కాసిని వేరుశనక్కాయలు కట్టుకుని హాస్టలుకి వచ్చేది. ఆ రోజు కాయలు నా ఒళ్లో పోసి, మామూలుగా, పక్కింటి కబురు చెబుతున్నట్టు చెప్పింది.

"మీ నాయన నిన్ను మానిపించేద్దామంటున్నాడే. కోతలకి మనిషి చాలట్లేదంట. చదవమని పంపితే పాటలు నేర్పుతున్నారంట, అదేం చదువు అని ఒకటే గొణుగుడు."

"నువ్వేమన్నావు?"

"నందిగామలో మైకు పెట్టి మరీ పాడిస్తున్నారంట, ఊరికే పెడతారా, పిల్లలో ఏదో ఉండబట్టేగా, అన్నా. నేను పోయి విని వస్తా. బాగుందా, అక్కడే ఉంటది. పనికిమాలిన గొంతైతే ఆ పూటే వెంటబెట్టుకొస్తా, అన్నా. ముందు వరసేనా నువ్వు?"

"ముందు వరసే."

"ఇంకేం," అని కొంగు దులుపుకుని వెళ్లిపోయింది.

ఆ వేరుశనక్కాయలు నాకు మింగుడు పడలేదు. చదువులో నేను మరీ మొద్దును కాను, లెక్కల్లో అయితే తరగతిలో నన్ను మించినవాళ్లు లేరు. కానీ మా నాయనకి లెక్కలు ఎవరు వినిపిస్తారు? ఆయన ఒప్పుకున్న పరీక్ష పాట ఒక్కటే, ఆ పాటలో నేను మూగదాన్ని. మాస్టారి దగ్గరికి వెళ్లి, ఒక్క చరణం పాడనివ్వండని బతిమాలాను. ఆయన నా వంక జాలిగానే చూశాడు. "అమ్మా, నువ్వు ఒక్క చరణం పాడితే మిగతా యాభైమందీ నోరాడించినట్టే ఉంటది" అన్నాడు. అబద్ధం కాదు కాబట్టి తిరిగొచ్చి మళ్లీ నోరాడించడమే సాధన చేశాను.

కచేరీ రోజు మమ్మల్ని నందిగామ తీసుకెళ్లడానికి లారీ వచ్చింది. ఎవరో దాత ఉచితంగా పంపాడు. పొద్దుటిదాకా అందులో మిరపకాయ బస్తాలు వేశారు. గంజిపెట్టి ఇస్త్రీ చేసిన తెల్లబట్టలతో మేము దేవదూతల్లాగా ఎక్కి, తుమ్ములతో బయల్దేరాం. దొరసాని ముందు జీపులో వెళ్తోంది కాబట్టి ఆమెకి గాలి బాగానే ఉంది. చిల్లకల్లు దగ్గర రోడ్డు పక్కన మా అమ్మ, పక్కింటి మరియమ్మ పెద్దమ్మ నిలబడి చేతులు ఊపారు. మేం ఆగలేదు, జీపు ఆగితే గదా. అమ్మ కోతలోంచి తిన్నగా వచ్చినట్టుంది, తలగుడ్డ కూడా తీయలేదు. ఎక్కడో బస్సు తప్పిపోయి ఆమె రాకుండా ఉంటే బాగుండునని ఆ దారి పొడుగునా ప్రార్థించాను. నా ప్రార్థనలకి అప్పుడూ ఇప్పుడూ ఒకటే జవాబు. మేం నందిగామలో దిగేటప్పటికి వాళ్లిద్దరూ ఇంకో లారీ పట్టుకుని మాకన్నా ముందే వచ్చి గేటు దగ్గర ఉన్నారు.

కచేరీ టూరింగ్ టాకీసు డేరాలో. ఆ సాయంత్రానికి సినిమా ఆపి ఇచ్చారు. ముందు కుర్చీలు, తర్వాత బెంచీలు, వెనక నేల. కుర్చీల్లో దొరసాని కోరుకున్న ధనవంతులు పలచగా కూర్చున్నారు. నేల మాత్రం కిటకిటలాడిపోయింది. మహా గోల అన్నారు కదా, ఏ జోకరో, రికార్డు డాన్సో ఉంటుందని జనం పిల్లాజెల్లాతో దిగారు. తెర తీయగానే తెల్లబట్టల్లో కదలకుండా నిలబడ్డ మమ్మల్ని చూసి డేరా అంతా నిశ్శబ్దమైపోయింది. ఎవరో సంతాపసభ అనుకుని బీడీ ఆర్పేశాడు. నేల ముందు భాగంలోనే మా అమ్మ, తలగుడ్డ తీసి కొంగు సర్దుకుని, మెడ సాచి నా వంకే చూస్తోంది.

పాటకి ముందు ఉపన్యాసం. సభకి పెద్ద ఒక రైసుమిల్లు యజమాని, అందరూ ప్రెసిడెంటుగారు అనేవాళ్లు. దేనికి ప్రెసిడెంటో నాకు తెలియదు. ఆయన మైకు పట్టుకుని దేశం గురించి, దానధర్మాల గురించి, తన చిన్నతనం గురించి చెప్పాడు. ఆ చిన్నతనం ఎంతకీ పెద్దవ్వలేదు. చివరికి మా వైపు చెయ్యి చాచి, గొంతు వణికించి, "ఈ పసికూనల్ని చూడండి. తల్లీ తండ్రీ లేని, దిక్కూ దివాణం లేని బిడ్డలు. వీళ్లకి నా అన్నవాళ్లు లేరు. మనమే తల్లి, మనమే తండ్రి" అన్నాడు. కుర్చీల్లో ఒకరిద్దరు కళ్లు ఒత్తుకున్నారు. అప్పుడు నేలమీంచి ఒక గొంతు లేచింది. మైకు అక్కర్లేని గొంతు. నాకు ఆ గొంతు ఎక్కణ్ణించి వచ్చిందో ఆ రోజే తెలిసింది.

"అదేంటయ్యా, దిక్కులేని పిల్లలంటావేంటి? నేను బతికే ఉన్నాగా!"

డేరా గొల్లుమంది. మరియమ్మ పెద్దమ్మ కొంగు పట్టి లాగుతున్నా అమ్మ కూర్చోలేదు. "ఆ చివరిది నా కూతురు. వాళ్ల నాయన కూడా ఉన్నాడు, ఇంటికాడ. అనుమానముంటే వచ్చి చూసుకోండి" అని విన్నవించి మరీ కూర్చుంది. ప్రెసిడెంటుగారు ఉపన్యాసం అక్కడితో ముగించాడు. ఆ సాయంత్రం జరిగిన అసలైన ధర్మకార్యం అదొక్కటే అని ఇప్పటికీ నా అభిప్రాయం. అప్పుడు మాత్రం నాకు తోచింది ఒక్కటే. ఇప్పుడు డేరాలో ఉన్న ప్రతివాడికీ ఆ చివరిది ఎవరి కూతురో తెలుసు, ప్రతివాడూ నా నోరే చూస్తాడు.

మాస్టారు చెయ్యెత్తాడు. నాలుగు గొంతులూ నాలుగు వైపుల నుంచి లేచాయి. నిజం చెప్పాలంటే బాగా పాడారు. నేను కూడా పాడకుండా అంత బాగా ఎప్పుడూ పాడలేదు. కానీ ఆ డేరాలో అలాంటి పాట పుట్టి బుద్ధెరిగి విన్నవాళ్లు లేరు. అందరూ ఒకే రాగం పాడితే పాట, నలుగురు నాలుగు రకాలుగా పాడితే తగాదా, అదీ వాళ్లకి తెలిసిన సంగీతం. రెండో చరణంలో నేలమీంచి ఒక పెద్దాయన ఇక ఉండబట్టలేక లేచాడు.

"పిల్లలూ! ముందు మీలో మీరు ఒక మాటనుకుని పాడండమ్మా!"

"కరపత్రంలో సరిగ్గానే వేశారబ్బాయ్," అన్నాడు పక్కవాడు. "గోలే ఇది."

దొరసాని మాత్రం ఆ మాటలకి లేచిన చప్పట్లూ ఈలలూ విని ఉత్సాహధ్వని అనుకుని నవ్వుతూ తల ఊపింది. నేను ఇవేవీ పట్టించుకునే స్థితిలో లేను. అమ్మ నా నోటి వంక చూస్తోంది, నేను నోరు తెరుస్తున్నాను. ఆమె ఎంత చూస్తే అంత పెద్దగా తెరిచాను. ఆ సమయంలోనే నందిగామ స్టూడియో అతను ఫోటో తీశాడు. అందులో బృందం మొత్తంలో అందరికన్నా పెద్దగా నోరు తెరిచిన గాయని నేనే. ఆ ఫోటో మా అమ్మాయి పెద్దది చేయించి హాల్లో తగిలించింది. వచ్చినవాళ్లందరికీ "మా అమ్మ చిన్నప్పుడు పెద్ద సింగర్" అని చెబుతుంది. దౌర్భాగ్యం, ఫోటోకి చెవులుండవు.

కచేరీ అయ్యాక డేరా పక్కన లారీ దగ్గర నిలబడ్డాం. అమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. ఆ పూటే వెంటబెట్టుకొస్తా అన్నది కదా, నేను హాస్టల్లో వదిలేసిన నా రేకు పెట్టె గురించి, అందులోని లెక్కల పుస్తకం గురించి ఆలోచిస్తున్నాను. ఆమె వచ్చి రెండు చేతులతో నా చెంపలు నిమిరి, తన కణతల మీద మెటికలు విరిచింది. దిష్టి తీయడం క్రైస్తవులకి తగదని మా పాస్టరుగారు చెప్పేవాడు గానీ అమ్మ ఆ ఒక్క విషయంలో ఆయనతో ఏకీభవించలేదు. పొద్దుటినుంచీ మిరపకాయలు కోసిన చేతులు. నా చెంపలు భగ్గుమన్నాయి, ఆ ఘాటు కళ్లకెక్కి బొటబొటా నీళ్లు కారాయి.

"ఎందుకే ఏడుస్తావు? అందరి గొంతుల్లో నీదే వేరుగా వినపడింది నాకు," అంది.

మరియమ్మ పెద్దమ్మ ఏదో అనబోయింది. అమ్మ ఆమెని మోచేత్తో పొడిచి, "నువ్వూ విన్నావుగా?" అంది. "ఆ ఆ, విన్నా, విన్నా," అంది పెద్దమ్మ గబగబా. ఈలోపు ఆనందం మాస్టారు హార్మోనియంతో అటు వచ్చాడు. అమ్మ ఆయనకి రెండు చేతులూ జోడించింది.

"మాస్టారండీ, మా పిల్ల గొంతు అరిగిపోకుండా ఎంత జాగర్తగా చూసుకున్నారండీ. మీ మేలు మర్చిపోం."

మాస్టారు మొహం పాలిపోయింది. "అమ్మాయి లెక్కలు బాగా చేస్తదండి," అన్నాడు, సంబంధం లేకుండా. "మాన్పించబోకండి" అని కూడా అన్నాడు. అమ్మ తల ఊపి, మరియమ్మ పెద్దమ్మ చెయ్యి పట్టుకుని, చిల్లకల్లు వైపు వెళ్లే బండి కోసం రోడ్డెక్కింది. ఇంటికెళ్లి మా నాయనతో, "నందిగామంతా దాని గొంతే ఖంగుమంది" అని చెప్పిందట. ఆయన మానిపించే మాట మళ్లీ ఎత్తలేదు. కోతలకి అమ్మే రెండు సాళ్లు ఎక్కువ పట్టింది. నేను హాస్టల్లోనే ఉండిపోయాను, ఆ తర్వాత టీచరు ట్రైనింగు, ఉద్యోగం, మిగతా అంతా.

హాస్టలుకి రేకులూ వచ్చాయి. ప్రతి రేకు మీదా ప్రెసిడెంటుగారి పేరు ఎర్రరంగుతో రాయించారు. వాన పడితే ఆయన పేరు మీద పడే చప్పుడుకి పాఠాలు వినపడేవి కావు. తాటాకు కారినా కనీసం మాట వినిపించేది.

ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను ఈ కథని స్టాఫ్ రూముల్లో చెప్పి నవ్వించాను. ఒక్క ముక్క పాడని కూతురి గొంతు వేరుగా విన్న తల్లి! కాకిపిల్ల కాకికి ముద్దు అంటే ఇదే అనేదాన్ని. అందరూ పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు. అమాయకురాలు, ఏం తెలుసు పాపం, అని నేనే చివర్లో కాస్త జాలి కలిపేదాన్ని. అమ్మ పోయాక కూడా అలాగే చెప్పాను. ఆమె ఉన్నప్పుడు ఆమె ముందు ఎప్పుడూ చెప్పలేదు, నొచ్చుకుంటుందని.

సరే, విజయవాడ గాలాకి వెళ్లాను. ఏసీ హాలు. ఎంత చల్లగా ఉందంటే పేద పిల్లల కోసం వచ్చినవాళ్లందరూ శాలువాలు కప్పుకున్నారు. ఇక్కడ నేల అనేది లేదు, అందరూ కుర్చీలే. లేచి ప్రశ్నలు వేసేవాళ్లూ లేరు. పేద పిల్లల్ని ఎవరూ తీసుకురాలేదు, తెర మీద బొమ్మల్లో చూపించారు. ఎవరూ దిక్కులేనివాళ్లని అనలేదు, ఇప్పుడు దానికి ఇంకేదో మర్యాదైన ఇంగ్లీషు మాట ఉంది. తర్వాత స్కూలు పిల్లలు రంగురంగుల గౌన్లతో వచ్చి నిలబడ్డారు. మా సంజన పొడుగరి, నా పోలికే, ముందు వరసలో చివర. పాట మొదలైంది. హాలు దద్దరిల్లింది. ఒక్క గొంతు అపశ్రుతి లేదు, ఒక్క దగ్గు లేదు. మధ్యలో ఒక పిల్ల తుమ్మింది, ఆ పక్కపిల్ల నవ్వు ఆపుకోలేక నోరు మూసుకుంది, అయినా పాటలో వెంట్రుకవాసి తేడా రాలేదు. అప్పుడు అర్థమైంది. ముందే రికార్డు చేసి పెట్టుకున్న పాటకి మొత్తం బృందమంతా నోరాడిస్తోంది. మా రోజుల్లో యాభైమంది పాడితే ఒక్కదాన్ని మూగనోము పట్టించారు. దేశం ఎంత ముందుకు పోయిందో చూడండి, ఇప్పుడు అందరికీ సమాన హక్కు.

అయిపోయాక సంజన పరిగెత్తుకుంటూ వచ్చింది. మొహమంతా చెమట, ఆ చలిలో కూడా. వాళ్లమ్మ ఎవరితోనో ఫోన్లో ఉంది. పిల్ల నా చెయ్యి పట్టుకుని ఊపుతూ, మెల్లగా, ఎవరికీ వినపడకుండా అడిగింది.

"అమ్మమ్మా, నా గొంతు వినపడిందా?"

దాని కళ్లల్లోకి చూశాను. పాడలేదని దానికి తెలుసు. నాకు తెలిసిందేమోనని దాని భయం. నలభై ఏళ్లు పిల్లల చేత నిజాలు చెప్పించిన టీచర్ని, నా నోటికి ఏం రావాలి? కానీ నేను ఆలోచించుకునేలోపే నా చేతులు వెళ్లి దాని చెంపలు నిమిరాయి.

"వినపడకపోవడమేంటే? అందరి గొంతుల్లో నీదే వేరుగా వినపడింది నాకు."

మాట నాదే గానీ గొంతు నాది కాదు. ఆ విరుపు, ఆ నిబ్బరం, అచ్చం నందిగామ లారీ పక్కన విన్నదే. ఎక్కడో దూరాన కలుపు తీస్తూ కూడా నా అరుపు గుర్తుపట్టిన మనిషి మా అమ్మ. నేను నిజంగా గొంతు విప్పి ఉంటే ఆ డేరా గుంజలు కదిలేవని అందరికన్నా బాగా తెలిసిన మనిషి. పనికిమాలిన గొంతైతే ఆ పూటే తీసుకొస్తా అని మొగుడికి మాటిచ్చి వచ్చి, గొంతే వినకుండా తిరిగి వెళ్లి, నందిగామంతా ఖంగుమందని చెప్పింది. ఆమెకి ఏమీ తెలియదని ఇన్నేళ్లూ స్టాఫ్ రూముల్లో నవ్వించిన అమాయకురాలిని నేను.

సంజన నమ్మేసింది. నమ్మి, ఎగురుకుంటూ స్నేహితుల దగ్గరికి వెళ్లబోయి, మళ్లీ ఆగి వెనక్కి చూసింది.

"ఏంటమ్మమ్మా, కళ్లు తుడుచుకుంటున్నావు?"

"మిరపకాయ ఘాటే."

"ఇక్కడ మిరపకాయలెక్కడున్నాయి?" అంది.